ఖాలా అడిగిన మాట

కుప్పం,
2024 జూలై 8, సోమవారం.

ప్రియమైన రోజాకు,

ఈరోజు నాకు ఎదురైన మొదటి ఆశ్చర్యం హాస్టల్ నోటీసు బోర్డు. టిఫిన్‌కి పరుగెత్తుతుంటే వార్డెన్ ఆపి, "సమ్రీన్ అంటే నువ్వేనా? పోయి బోర్డు చూడు" అన్నారు. చూస్తే నా పేరు! తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ మాట్లాడగల విద్యార్థి కావాలని కాలేజీని అడిగారట. ఎక్కడికో తెలుసా? మన పుంగనూరుకి. మన వీధికే!

మన ఊళ్ళో ఇంటింటికీ కొత్త కొళాయిలు వేస్తున్నారు కదా, పైపుల కోసం వీధి తవ్వి వదిలేశారని మీ నాన్న రోజూ తిడతాడు కదా, ఆ పనికి డబ్బు విదేశీ బ్యాంకు ఒకటి అప్పుగా ఇస్తోంది. మా ఎకనామిక్స్ మధుసూదన్ సారు చెప్పారు. ఆ బ్యాంకు దేశానికి ఇస్తుంది, దేశం రాష్ట్రానికి, రాష్ట్రం మన ఊరికి. ఎక్కడి సముద్రాల అవతలి డబ్బు, ఎక్కడి మన వీధి! ఆ బ్యాంకు మనుషులు వచ్చి, ఈ పనివల్ల మీకేమైనా నష్టం ఉందా అని జనాన్ని స్వయంగా అడుగుతారట. వాళ్ళ మాట మన వాళ్ళకి, మన వాళ్ళ మాట వాళ్ళకి నేను చెప్పాలి.

'దుబాసి' అనే మాట నీకు తెలుసా? రెండు భాషల మధ్య నిలబడి చెప్పే మనిషి. మొన్న లైబ్రరీలో కనబడింది. అప్పటి నుంచి బెల్లంముక్కలాగా నోట్లో వేసుకుని తిరుగుతున్నాను. ఇప్పుడు నేనే దుబాసిని!

ఫోన్ చేసి చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోను సాయంత్రమైతే మీ అమ్మ సీరియళ్ళ పాలు. పైగా ముఖ్యమైనవన్నీ కాగితం మీదే రాసుకుందామని ఒట్టు పెట్టుకున్నది మనమే.

ఖాలాకి చెప్పు. అమ్మీ నన్ను వాల్మీకిపురం నుంచి తెచ్చి తన చెల్లెలింట్లో వదిలిపెట్టిన రోజున నాకు తెలుగు గుణింతాలు కూడా సరిగా రావు. ఆరో తరగతి నుంచీ నన్ను దగ్గర పెట్టుకుని చదివించిన ఖాలా ఎదురుగా నిలబడి ఇంగ్లీషు మాట్లాడబోతున్నాను. ఆమె కళ్ళు చూడాలి నేను.

ఒక చిన్న సంగతి. ఆ రోజు మా క్లాసు అబ్బాయి అఫ్రోజ్, ఇంకో ఇద్దరు కూడా వస్తారు. ఖాలా ఇంటి ముందు బోటి బేసిన్లు, కత్తిపీట లాంటివి బయట లేకుండా కాస్త చూడు.

నీ సమ్మి


పుంగనూరు,
జూలై 23.

మా దుబాసి గారికి,

ఎంత బాగా మాట్లాడావే! కుట్టుపని వదిలేసి వచ్చినందుకు నాకు ఒక జాకెట్టు కూలి పోయింది, అయినా బాధ లేదు. ఇక్కడ ఇంకా నీ మాటే. మా అమ్మ కూడా "ఆ పిల్లని సూడు, నువ్వు ఉండావు మిషను తొక్కుకుంటా" అని నన్ను పొడుస్తోంది.

నువ్వు ఆ చివర వాళ్ళ పక్కన నిలబడ్డావు కాబట్టి మా వెనక వరసలో జరిగింది నీకు వినపడి ఉండదు. బీడీల మునెప్ప తాత అన్నాడు, "నేను కొట్లో బీడీకట్ట బాకీ పెడితేనే వాడు ఇంటికాడికి వస్తాడు. వీళ్ళు సముద్రం దాటొచ్చినారంటే మనం ఎంత బాకీ పెట్టినామో సూడు రెడ్డెప్పా!"

మా నాన్న, "ఊరుకో తాతా, తీసుకొనింది మనం కాదు గదా" అన్నాడు.

"తీసుకొనేటప్పుడు మనం కాదులే. కట్టేటప్పుడు మనమే."

అందరూ నవ్వారు. ఆ నవ్వుకే నువ్వు ఇటు తిరిగి చూశావు.

ఇక ఖాలా సంగతి. మన వీధి కొళాయి తీసేస్తారని వాళ్ళు చెప్పగానే నేను ఖాలా ముఖమే చూస్తున్నాను. ఆమె లేచి నిలబడి కొంగు తలమీదికి లాక్కుని ఉర్దూలోనే అడిగింది. మీ మధ్యే పెరిగినదాన్ని, నాకు అర్థం కాదా! "బేటీ, వాళ్ళకి చెప్పు. తెల్లారుజామున ఈ కొళాయి కాడ బోటి, పేగులు కడిగి హోటళ్ళకి ఇస్తేనే నా ఇల్లు నడస్తాండాది. ఇది తీసేస్తే నేను యాడ కడగాల? ఇంకోటి యాడన్నా పెడతారా, అడుగు." మన వీధి కట్టుబాటు కూడా చెప్పింది. మొదటి నీళ్ళు ఎప్పుడూ ఆమెవని, ఆమె పని ముగించి, గట్టు మీద బ్లీచింగ్ చల్లి తోమి "రండమ్మా" అని కేక పెట్టేదాకా ఏ ఇంటి వాళ్ళూ బిందె పెట్టరని, అందులో సాయిబులిళ్ళు మనోళ్ళిళ్ళు అని లేదని, అన్నీ చెప్పింది.

ఖాలా అంతసేపు చెప్పినదాన్ని నువ్వు చిటికెలో చెప్పేశావు. ఇంగ్లీషు ఎంత పొదుపైన భాషే! ఆ బ్యాంకు తెల్ల మేడమ్ ఏం చేసిందో చూశావుగా? ఖాలా వైపు తిరిగి, నవ్వి, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. అప్పటి నుంచి ఖాలా నేల మీద నడవడం లేదు. హోటలు నూరుల్లా భాయికి, పాలాయనకి, కనబడిన ప్రతివాళ్ళకీ చెబుతోంది. "నేను అడిగినాను. మా పిల్ల ఇంగ్లీషులో చెప్పింది. ఆయమ్మ నాకు దండం పెట్టింది. ఇంకో కొళాయి పెడతారు సూడండి."

నువ్వు భోజనానికి కూడా ఆగకుండా వాళ్ళ కారులోనే వెళ్ళిపోయావని ఆమెకి చిన్న బాధ. నీ కోసం బోటి కూర చేసింది. మేము తిన్నాం.

నీ రోజా


కుప్పం,
ఆగస్టు 4.

రోజాకు,

నీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివి మడిచి పెట్టాను.

ఇక్కడ వానలు. పరీక్షలు దగ్గరికి వస్తున్నాయి. మధుసూదన్ సారు అప్పుల పాఠం చెబుతున్నారు. నీకు పనికొస్తుందని రాస్తున్నాను. ఈ అప్పు డాలర్లలో ఉంటుంది. రూపాయి విలువ తగ్గితే, మనం కొత్తగా ఏమీ తీసుకోకపోయినా అప్పు దానంతట అదే పెరుగుతుంది. ఎవరూ ముట్టుకోకుండానే పొంగిపోయే పాలగిన్నెలా. అందుకే అప్పిచ్చేవాళ్ళు షరతులు పెడతారు. నీళ్ళకి వెల కట్టాలి, ఇంటింటికీ మీటరు పెట్టాలి, ఊరికే పోయే నీళ్ళు ఆపాలి. వీధి కొళాయిలో పడే నీళ్ళన్నీ వాళ్ళ దృష్టిలో 'ఊరికే పోయే నీళ్ళు'. మునెప్ప తాత చెప్పింది నిజమే.

ఇందులో మంచి లేదని కాదు. మీ అమ్మ ఇక బిందె ఎత్తక్కర్లేదు. అది చిన్న విషయం కాదు.

ఖాలాని మరీ ఆశ పెట్టుకోవద్దని చెప్పు. అంత పెద్ద బ్యాంకు, ఎన్ని ఊళ్ళు. అన్నీ గుర్తుంటాయా వాళ్ళకి?

సమ్రీన్


పుంగనూరు,
2025 జనవరి 27.

సమ్మీకి,

దసరా సెలవులకి వస్తానన్నావు, రాలేదు. కొత్త సంవత్సరానికీ రాలేదు. ఖాలా ఫోన్ చేస్తే క్లాసులో ఉన్నానంటావట. ఆదివారం కూడా క్లాసేనా?

మన వీధి కొళాయి తీసేశారు.

పోయిన నెల మనుషులు వచ్చారు. గట్టు పగలగొట్టబోతే మునెప్ప తాత పోయి దాని మీదే కూర్చున్నాడు. "నన్ను కూడా తవ్వి ఎత్తుకుపోండిరా" అన్నాడు. మా నాన్న, షకీల్ మామ, ఇంకా నలుగురు అడ్డం నిలబడ్డారు. ఇంకో కొళాయి సంగతి తేల్చేదాకా తీయనివ్వం అన్నారు. వాళ్ళు భయపడి ఫోన్లు చేసుకుంటున్నారు. ఇంతలో ఖాలానే వచ్చి మన వాళ్ళని పక్కకి జరిపింది.

"గలాటా యాలప్పా? వాళ్ళకి మన సంగతి తెలుసు. మా సమ్రీన్ చెప్పింది. తీసుకోనీండి. వాళ్ళు మాట తప్పరు, ఇంకోటి పెడతారు."

మునెప్ప తాత లేచి ఆమెకి దారి ఇచ్చాడు. ఆ పూటే గట్టు కూడా లేకుండా చదును చేసేశారు.

ఇంటి కొళాయి తీసుకుందామంటే ఖాలాది బాడుగ ఇల్లు. బెంగళూరులో ఉన్న ఇంటాయన కాగితం మీద సంతకం పెట్టనన్నాడు. ఆమె పేరున నీళ్ళు వస్తే రేపు ఇల్లు కూడా ఆమెదేనంటుందని ఆయన భయం. ఇప్పుడు ఖాలా బోటి బేసిన్లు నెత్తిన పెట్టుకుని సోమల దారిలో చెంగయ్య టమాటా తోట దాకా పోతోంది. ఆయన బోరు కాడ కడుక్కోనిస్తున్నాడు, మంచివాడే. కానీ కరెంటు వచ్చినప్పుడే బోరు. ఆమె కడిగి తిరిగి వచ్చేసరికి పొద్దెక్కుతుంది. నూరుల్లా భాయి, "కుల్సుమ్ ఆపా, నాష్టా అయిపోయినాక బోటి తెస్తే ఎవురికి పెట్టేది?" అని వేరే చోట తీసుకోవడం మొదలుపెట్టాడు. ఆమె బోటి ఇచ్చే రెండు హోటళ్ళలో ఇక మిగిలింది ఒకటే. రంజాన్ నెల దగ్గరికి వచ్చింది. ఏడాది పొడుగునా ఆమె ఎదురుచూసేది ఆ నెల కోసమేనని నీకు తెలుసు.

ఇంత జరిగినా ఆమె ఒకటే మాట. "ఆయమ్మ దండం పెట్టింది, మరిసిపోదు."

సమ్మీ, నీకు వాళ్ళ ఫోన్ నంబర్లు తెలిసి ఉంటాయి. ఖాలా అడిగిన మాట ఏమైందో కనుక్కో. అంత కష్టమా?

రోజా


కుప్పం,
ఫిబ్రవరి 3.

రోజా,

కనుక్కోనక్కర్లేదు. ఖాలా మాట ఎక్కడికీ పోలేదు. నా దగ్గరే ఆగిపోయింది.

ఆ రోజు ఖాలా అడిగినదంతా నాకు అర్థమైంది. ఆ మేడమ్ నా వైపు తిరిగింది. చేతిలో పుస్తకం, పెన్ను పట్టుకుని రాసుకోవడానికి సిద్ధంగా ఉంది. పక్కనే అఫ్రోజ్, మిగతా ఇద్దరూ ఉన్నారు. హాస్టల్లో అందరికీ మా ఖాలా పెళ్ళిళ్ళకి వంటలు చేయిస్తుందని చెప్పి ఉన్నాను. మొదటి ఏడాది ఒకమ్మాయి నా పెట్టె తెరిచి "ఏదో నీచు వాసన" అంది. ఆ రోజు నుంచీ అలాగే చెబుతూ వచ్చాను. ఎన్ని మాటలు నేర్చుకున్నానో నీకు తెలుసు. పేగులు అన్న ఒక్క మాట నా నోట రాలేదు.

నేను ఇంగ్లీషులో చెప్పింది ఇది. "నీళ్ళు ఇంటికే వస్తున్నందుకు ఈమె మీకు కృతజ్ఞతలు చెబుతోంది."

అందుకే ఆ దండం.

'ఈమె' అన్నాను రోజా. మా ఖాలా అని కూడా అనలేదు.

తర్వాత దిద్దుకోవచ్చనుకున్నాను. కారులో చెబుదామనుకున్నాను. అందరూ నన్ను పొగుడుతున్నారు. కుప్పం వచ్చాక రాద్దామనుకున్నాను. ఈలోపు నీ ఉత్తరం వచ్చింది, ఇంగ్లీషు ఎంత పొదుపైన భాష అని. నీకు తెలిసిపోయి ఎత్తిపొడుస్తున్నావేమోనని ఆ రాత్రి ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. తెలియదని అర్థమయ్యాక సంతోషపడ్డాను. చూడు, నేనెలాంటిదాన్నో.

ఇంకా ఉంది. మొన్న క్లాసులో మధుసూదన్ సారు చెప్పారు. ఇలాంటి అప్పులతో చేసే పనుల్లో ఒక నియమం ఉంటుందట. పనివల్ల ఎవరి బతుకుతెరువైనా పోతే, ముందుగా వాళ్ళకి వేరే దారి చూపించాలి. చూపించకుండా పాతది తీయకూడదు. "అయితే నష్టపోయేవాళ్ళు నోరు తెరిచి చెప్పాలి. చెప్పకపోతే వాళ్ళు లేనట్టే" అన్నారు. ఖాలా నోరు తెరిచింది. చెప్పింది. అందరి ముందూ లేచి నిలబడి మరీ చెప్పింది.

ఇన్నాళ్ళూ నేను అప్పుల మీద కోపం తెచ్చుకుంటూ వచ్చాను. సెమినార్లో ఆవేశంగా మాట్లాడి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. పేదవాళ్ళ గొంతు వాళ్ళకి వినపడదు అన్నాను. ఆ మేడమ్ చెవి పెట్టి వినడానికే కూర్చుంది. మన వీధి మాట మటుకు ఆమె చెవి దాకా పోకుండా ఆపింది నేను. కొళాయి తీసేటప్పుడు మన వాళ్ళని ఆపింది కూడా, చూస్తే, నేనే.

ఈ నెల 18న వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. పుంగనూరు పని ముగిసిందని చూసుకుని వెళ్ళడానికి. ఇక రారు. పోయినసారి చక్కగా చెప్పానని మళ్ళీ నన్నే అడిగారు. రానని చెప్పేశాను.

ఈ ఉత్తరం ఖాలాకి చదివి వినిపించు. నాకు ధైర్యం లేదు.

సమ్రీన్


పుంగనూరు,
ఫిబ్రవరి 9.

సమ్రీన్‌కు,

చదివి వినిపించను. నీ మాట ఇంకొకరి నోట పెట్టకు. అలా పెడితే ఏమవుతుందో నీకంటే బాగా ఎవరికి తెలుసు?

నీ ఉత్తరం చదివిన రోజు నీ మీద వచ్చిన కోపానికి మిషను మీద కూర్చోలేకపోయాను. ఖాలా బోటి కడిగి నీకు ఫీజు కట్టింది. నీ హాస్టల్ పెట్టె కూడా ఆమె కొన్నదే. ఆ పెట్టెలో వాసన వచ్చిందని ఆమెను దాచిపెట్టావు! మంచి మాటలన్నీ నువ్వే ఏరుకుంటావు, మాకు రెండు కూడా మిగల్చవు. తెల్లారేదాకా నిన్ను తిడుతూనే ఉన్నాను.

తెల్లారాక ఖాలా మా గుమ్మం ముందు నుంచి బేసిన్లతో పోయింది. నేను తలుపు వెనక్కి జరిగాను. రోజూ జరుగుతాను. అది నీకు రాయలేదు.

మా ఇంట్లో కొళాయి ఉంది కదా. వీధి కొళాయి తీసిన మర్నాడు ఖాలా వచ్చి అడిగితే మా అమ్మే, "ఈడనే కడుక్కో ఆపా, ఎవురేమంటారు" అంది. కొన్ని రోజులు మా పెరట్లోనే కడిగింది. గచ్చు మెరిసేలా తోమి పోయేది. తర్వాత నీళ్ళ బిల్లు వచ్చింది. మా అమ్మ మీటరు ముందు కూర్చుని దాన్నే చూసింది. "గిర్రున తిరగతాండాది మే. నేనేం చెప్పేది ఆమెకి? నువ్వు చెప్పు" అంది.

నేను చెప్పాను. "ఖాలా, మా మోటారు చెడిపోయింది" అన్నాను.

మా కొళాయికి మోటారే లేదు. ఆమెకి తెలుసు. "సరేలే బిడ్డా" అని బేసిన్ ఎత్తుకుంది. ఆ రోజు నుంచే చెంగయ్య తోట. చెంగయ్య సంగతి నీకు అంత వివరంగా రాసినదాన్ని, ఇది మటుకు మింగేశాను. మా అమ్మ చెడ్డదని రాయడం లేదు. వీధి కొళాయి ఉన్నన్నాళ్ళూ మొదటి నీళ్ళు ఖాలాకి వదిలినవాళ్ళలో ఆమె కూడా ఉంది. ఇప్పుడు మీటరు తిరుగుతుంటే వదలడం చేతకాలేదు. ఎవరి గోడ లోపల వాళ్ళకి నీళ్ళు వస్తున్నాయి. ఒకరికొకరం అక్కర్లేకుండా పోయాం.

కాబట్టి నిన్ను తిట్టే అర్హత నాకూ పెద్దగా లేదు. అయినా తిట్టాను.

నువ్వు రానన్నావు కదా. వస్తానని చెప్పు. ఖాలా ఆ రోజు కోసం తెల్ల చీర ఉతికి పెట్టుకుంది, ఆ మేడమ్‌ని మళ్ళీ చూడాలట. మునెప్ప తాత, "కుల్సుమ్మా, ఈసారి దండం పెడితే చేతిలో కొళాయి ఉండాదో లేదో సూసుకో" అని ఆట పట్టిస్తున్నాడు. ఆమె నవ్వుతోంది. ఆ నవ్వు చూడలేక నేను లోపలికి వచ్చేస్తున్నాను.

ఎలా చెబుతావో నాకు తెలియదు. ముందు ఎవరికి చెప్పాలో మటుకు ఆలోచించుకుని రా.

రోజా


మదనపల్లె,
ఫిబ్రవరి 17.

రోజా,

వస్తానని చెప్పాను. ఈ మధ్యాహ్నమే మమ్మల్ని మదనపల్లెకి తెచ్చారు. ఇక్కడ మార్కెట్ దగ్గర లాడ్జిలో ఉన్నాం. కింద టమాటా లారీల హారన్లు భరించలేక బస్టాండుకి వచ్చి ఇది రాస్తున్నాను. ఈ ఉత్తరం మీ కండక్టరు అన్న చేతికి ఇస్తున్నాను. ఆయన బస్సు బయలుదేరబోతోంది, ఇంజన్ కూడా ఆపలేదు, "తొందరగా రాయమ్మా, డ్రైవరు నన్ను తినేస్తాండాడు" అంటున్నాడు. ఫోన్ చేయొచ్చు. నీ గొంతు వింటే మళ్ళీ మెత్తబడి మాట మారుస్తానని భయం.

ముందు ఎవరికి చెప్పాలని అడిగావు కదా. కుప్పం నుంచి వచ్చే దారంతా అదే ఆలోచించాను. మొదట అనుకున్నది ఇది. రేపు అందరి ముందూ మేడమ్‌కి ఇంగ్లీషులో నిజం చెప్పేస్తే, ఖాలాకి అది అర్థం కాదు, పని అయిపోతుంది, ఆమెకి నా సంగతి ఎప్పటికీ తెలియదు. ఎంత తెలివైన దారో చూశావా! మళ్ళీ అదే దొంగతనం. ఇంకో భాష చాటున నిలబడటం.

అందుకని ముందు అఫ్రోజ్‌కి చెప్పాను. బస్సులో, పక్క సీట్లో. మా ఖాలా వంటలు చేయించదు, బోటి కడుగుతుంది, ఆ డబ్బుతోనే నేను చదువుతున్నాను అని. అతను, "ఆ రోజు ఆమె ఉర్దూలో అడిగింది నాకూ అర్థమైంది, మీ ఖాలా అని తెలియక ఊరుకున్నాను. మా నాన్న పీలేరులో చెప్పులు కుడతాడు. నేను షూ షాపు అని చెబుతాను" అన్నాడు. ఇద్దరం నవ్వలేదు. మేము ఇంతకాలం ఎవరికి భయపడ్డామో నాకు అర్థం కాలేదు.

రేపటి సంగతి చెబుతాను, జాగ్రత్తగా విను.

తెల్లారుజామున మొదటి బస్సుకే నేను వచ్చేస్తాను. మిగతావాళ్ళు పది గంటలకి కార్లలో వస్తారు. ఖాలా చెంగయ్య తోటకి బయలుదేరకముందే నేను వీధిలో ఉండాలి. పాత బట్టలు వేసుకుని వస్తున్నాను. బేసిన్ ఒక చెవి ఆమె పట్టుకుంటుంది, ఇంకో చెవి నేను పట్టుకుంటాను. తోట దాకా దారి ఉంది. ఆ దారిలో మా ఉర్దూలోనే చెబుతాను. ఆమె ఏం అడిగిందో, నేను ఏం చెప్పానో, ఆ దండం దేనికో. ఆ దండమే ఆమె నుంచి లాక్కోవడం అన్నిటికంటే కష్టం. అయినా చెబుతాను. ఆమె బేసిన్ కింద పెట్టేసి పొమ్మంటే, రెండు చెవులూ నేనే పట్టుకుని వెనకాల నడుస్తాను.

తర్వాత పది గంటలకి వాళ్ళు వచ్చినప్పుడు, ఖాలా ఇష్టం. ఆమె లేచి మళ్ళీ అడగాలి. నా మీద నమ్మకం లేకపోతే అఫ్రోజ్ చెబుతాడు, అతనితో మాట్లాడి ఉంచాను. నన్నే చెప్పమంటే, "ఈమె మా ఖాలా" అని మొదలుపెట్టి, ఆమె ఎంతసేపు మాట్లాడితే అంతసేపూ చెబుతాను. ఒక్క మాట తగ్గించను. ఎవరు చెప్పినా, పోయినసారి నేను తప్పు చెప్పానని మేడమ్‌తో అందరి ముందూ నా నోటితో నేనే అంటాను. కొళాయి మళ్ళీ వస్తుందో రాదో నాకు తెలియదు. పని ముగిసిందని వాళ్ళు మూట కట్టుకుని పోతూ ఉన్నారు. అయినా ఖాలా అడిగింది అడిగినట్టు వాళ్ళ చెవిన పడాలి.

మునెప్ప తాతని, మీ నాన్నని, షకీల్ మామని ఆ చోట ఉండమను. మీ అమ్మని కూడా రమ్మను. మొదటి నీళ్ళ కట్టుబాటు గురించి ఖాలా చెబుతుంటే, అవునని అనేవాళ్ళు కావాలి.

నువ్వు మటుకు తెల్లారకముందే లేచి ఉండు. రేపు తలుపు వెనక్కి జరగొద్దు. నేను వీధి మలుపులో నిలబడతాను. ఆ ఇంట్లో అన్నేళ్ళు పెరిగినదాన్ని, ఆ తలుపు తట్టడానికి నా చెయ్యి లేవదు. నువ్వు తట్టు. లోపలి నుంచి "ఎవురూ?" అంటే నీ పేరు చెప్పు. నా పేరు నేను చెప్పుకుంటాను.

సమ్మి